నూట అరవై రెండో పేజీ

ఏం సార్, ఇప్పుడు వచ్చిందా నోటికి తెలుగు?

వాకిట్లో నిలబడి "అమ్మా పాండీశ్వరీ, బాగుండావా" అంటిరే, ఎవరో మా పెద్దమ్మ ఊరినించి వచ్చినారని నేను పరిగెత్తుకుంటా వచ్చినాను. చూస్తే మీరు! ప్రొఫెసర్ అళగర్‌సామి! ఎమ్మే రెండేండ్లు, ఆ పైన ఎంఫిల్ ఒక ఏడు, మీ ముందర మొదటి బెంచీలో కూర్చుంటిని. ఒక్కనాడన్నా "బాగుండావా" అని అడిగితిరా? తెలుగు అక్కరలేదు, తమిళంలోనన్నా అడిగితిరా?

సరి, రండి. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు ఆడతాది. ఈ పక్క కూర్చోండి.

ఏంటది పొట్లం? కడలమిఠాయా? అయ్యో రామా! విరుదునగర్లో బస్సెక్కి, కోవిల్‌పట్టి బస్టాండులో దిగి, కోవిల్‌పట్టి కడలమిఠాయి కొని, కోవిల్‌పట్టిలో ఉండేదానికే తెచ్చినారా? మా కిటికీ తెరిస్తే వేరుశెనగ, బెల్లం పాకం వాసనే సార్. పెట్టండి ఆడ. తింటానో తిననో తరవాత చూద్దాం.

అమ్మ లేదు. ఎట్టయాపురంలో మా చిన్నత్త మనవరాలికి చెవులు కుడతారని పొద్దన్నే పొయ్యింది. అమ్మ ఉండింటే మీకు కోడి కోసి పెట్టి, నా నోరు మూసి, "అళగరన్న అడగతా ఉండాడు, చేసిపెట్టు పాపా" అనుండేది. మీరంటే అంత ఇది. "మనోడు పుస్తకం రాసినాడు, పేరు అచ్చులో వచ్చింది" అని మా వీదంతా చెప్పుకుంటా తిరిగింది. మీ పుస్తకంలో ఏముండాదో మా యమ్మకి తెలీదు. ఎకనామెట్రిక్స్ అనేది నోరు కూడా తిరగదు. అయినా ఆ సంబరం చూడాల!

ఎందుకొచ్చినారో మీరు చెప్పక్కరలేదు. రేపు పదకొండు గంటలకి విరుదునగర్లో బోర్డు మీటింగు. ఎమ్మే పిల్లోళ్లకి ఎకనామెట్రిక్స్‌కి ఏ పుస్తకం పెట్టేది అని తేల్చాల. ఇరవై ఏండ్లుగా మీ పుస్తకమే. ఇప్పుడు సిలబస్ మారస్తా ఉండారు. బోర్డులో ముగ్గురం, పుస్తకం ఎంచే పని నాకు అప్పజెప్పినారు. అది మీ చెవిలో ఎవరో ఊదినారు. ఊదినారు కదా? ఊఁ. సిలబస్‌లో ఉంటేనే అచ్చేసేవాడు అచ్చేస్తాడు. తీసేస్తే ఇంక మీ పేరు పాతపేపర్ల అంగడికే.

"నేను నీకు మామ వరస కదమ్మా" అని కూడా అంటిరి. మామ! వినేదానికి ఎంత బాగుండాది!

ఈ మామ నన్ను ఏం చేసినాడో ఇప్పుడు నేను చెప్తాను. మీకు తెలుసు. అయినా వినండి. పదకొండేండ్లుగా దీన్ని గోడకి చెప్పినాను, ఉడికే అన్నానికి చెప్పినాను, బస్సులో కిటికీకి చెప్పినాను. ఈరోజు మనిసే దొరికినాడు. వదలతానా?

నా ఎంఫిల్ పని ఏంటో గ్యాపకం ఉండాదా? వానకీ, అగ్గిపెట్టెల పనికీ ఉండే లెక్క. వాన పడితే పుల్లలు ఎండవు, "ఈరోజు పని లేదు, పో" అంటారు. మా యమ్మ పని లేని దినానికి ఒక బొగ్గుగీత గోడమీద గీస్తాది. మా యమ్మే కాదు, మా వీదిలో ఆడోళ్లంతా అంతే. గీతలు చూసి "ఈ అయిప్పసి వానల నెల పదకొండు దినాలు పొయ్యింది" అని చెప్పేస్తారు. ఆ గీతలే నా లెక్క. కోవిల్‌పట్టిలో నలబై ఇండ్లు, ఏళాయిరంపన్నైలో ఇరవై రెండు. గోడ గోడకీ పొయ్యి రాసుకుంటిని. సున్నం కొట్టేసిన చోట గోరుతో గీకి చూస్తిని. "మా గోడలు చదివేదానికి కాలేజీకి ఏంటికి పోవాల" అని ఆడోళ్లు నవ్వినారు. ఒకామె, కలైసెల్వి, నన్ను కూర్చోబెట్టి గంజి పోసి, "బాగా చదువు పాపా, నా గీతలు కూడా పుస్తకంలో వస్తాయా" అని అడిగింది. వస్తాయక్కా అంటిని.

కోవిల్‌పట్టిలో ఎంత వాన పడిందో ఆ అంకెలు నాకు దొరికె. ఏళాయిరంపన్నైవి దొరకలా. అందుకని ఏం చేస్తిని? వాన చూసి, పోయిన దినాలు ఎన్నో అంచనా వేసే రిగ్రెషన్ గీత ఒకటి నా దగ్గర ఉండాది. దాన్నే తిరగేసి, పోయిన దినాలు చూసి ఎంత వాన పడిందో రాస్తిని. అట్ల తిరగేయొచ్చని ఎవరు చెప్పినారు? మీ పుస్తకం చెప్పింది! మొదటి అచ్చు, నూట నలబై మూడో పేజీ, కిందనించి రెండో పేరా. అదే సమీకరణాన్ని తిప్పి రాసుకుంటే చాలునంట.

చాలదు సార్! విరుదునగర్ పోయే దోవే తిరిగొచ్చే దోవ అనుకుంటిరి. రిగ్రెషన్‌లో అట్ల కాదు. ఈ పక్కనించి అంచనా వేసేదానికి ఒక గీత, ఆ పక్కనించి వేసేదానికి వేరే గీత. మళ్లా మొదటినించి లెక్క వేయాల. ఈరోజు నా క్లాసులో పిల్లోళ్లు మూడో వారంలోనే ఈ ముక్క చెప్తారు.

వైవాకి బయటినించి ఎగ్జామినర్ వచ్చె. నా తీసిసు తిరగేసి, ఒక చోట నిలిచి నవ్వె. "ఏమ్మా, ఇది ఎవరు నేర్పించినారు?" అని తమిళంలో అడిగె. "సార్ పుస్తకంలో ఉండాది" అంటిని. ఆయన మీ మొకం చూసె. అప్పుడు మీరేమంటిరి? చెప్పండి.

సరి, నేనే చెప్తాను. "అట్ల ఏమీ లేదు, ఆ పిల్లే తప్పుగా ఎత్తి రాసుకుంది" అంటిరి. మీ పుస్తకం మీ వీపు వెనకే బీరువాలో ఉండె. అద్దంలోనించి దాని అట్ట నాకు కనపడతా ఉండె!

తమిళం పొయ్యింది, వచ్చిన కొంచెం ఇంగ్లీసూ పొయ్యింది. ఇంటి బాసే వచ్చేసింది నోట్లోనించి. "సార్, మీ పుస్తకంలోనే కదా ఉండాది, ఒక్కసారి తీసి చూపించండి సార్" అంటిని. తెలుగులో అంటిని. మీకు అర్తమయిందని నాకు తెలుసు. మీ చెవులు ఎర్రబడె.

"ఏం చెప్తాది ఈ పిల్ల?" అని ఆయన మిమ్మల్నే అడిగె.

"తెలీదు సార్. నాకు ఆ బాస రాదు" అంటిరి.

రాదా? మీ యమ్మ మీకు ఏ బాసలో జోల పాడింది సార్? మీ యమ్మా, మా యమ్మా ఒకే కొట్టంలో ఎదురెదురుగా కూర్చుని అగ్గిపుల్లలు పేర్చినోళ్లు. ఏ బాసలో మాట్లాడుకుంటా పేర్చినారు? మీ యమ్మ పొయినప్పుడు ఏ బాసలో ఏడిస్తిరి?

ఏంటీ? బయమా?

మన బాస తెలిస్తే ఏ వీదోడో, ఏ కులమోడో తెలిసిపోతాదనా? హెచ్‌ఓడీ పోస్టు వచ్చే టైమనా? మీ ఇంట్లో మీ కొడుక్కి కూడా చెప్పలేదా? అయ్యో పాపం.

ఆ బయం నాకు తెలీదా సార్? బస్సులో అమ్మ ఫోన్ చేస్తే నేనూ "అప్పురం పేసురేన్" అని, తరవాత మాట్లాడతానని, తమిళంలో ఒక ముక్క చెప్పి పెట్టేస్తాను. స్టాఫ్ రూములో ఈ నాటికీ తెలుగు మాట్లాడలా. మన బాస నోట్లోనించి వస్తే ఎదుటోళ్ల చూపే మారిపోతాది. అది చూసినదాన్నే నేను. మీరు బాసని దాచుకున్నారు, దాచుకోండి, దానికి నేనేమీ అనను. దాన్ని దాచేదానికి తవ్విన గుంతలో నన్ను ఏంటికి సార్ పూడ్చిపెడితిరి?

ఫెలోషిప్ పొయ్యింది. తీసిసు మళ్లా రాయమన్నారు. దాన్ని రాసి ఈ కాలేజీ పనికి వచ్చింది తరవాత, అప్పుడు చేయి రాలా. రెండేండ్లు అమ్మతోకూడా అగ్గిపెట్టెల పనికి పొయినాను. మేస్త్రీ "ఏం ప్రొఫెసరమ్మా, ఇంకా రెండు చట్టాల నిండా పుల్లలు పేర్చు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కలైసెల్వి అక్కడే కూర్చునుంటాది, ఆమె ఒక్కటే నవ్వదు.

ఇట్ల చేసినాడమ్మా మీ అన్న, అని మా యమ్మకి చెప్తిని. ఏమనింది? "నోరు మూసుకో. మనలో చదివి పైకొచ్చింది ఆయనొకడు. బయట చెప్పినావంటే ఆయనొకడి పరువేనా పోయేది?" అనింది. సరస్వతి పూజకి నా పుస్తకాలతో మీ పుస్తకాన్నీ పెట్టి చందనం, కుంకుమ అద్దింది. ఆ పుస్తకానికి! నేను చూస్తా నిలబడితిని. దండం కూడా పెట్టిస్తిరి సార్ నాచేత.

ఉత్తరం రాస్తిని కదా మీకు? నాలుగు పేజీలు. తప్పు ఏంటి, ఎట్ల సరిచేయాల, లెక్కతోసహా. రిజిస్టర్ పోస్టులో. మీ సంతకం పెట్టిన కార్డు నాకు తిరిగొచ్చింది. రెండో అచ్చు వచ్చినప్పుడు అంగట్లో నిలబడే తిప్పి చూస్తిని. నూట యాబై ఒకటి. మూడో అచ్చు, నూట అరవై రెండు. పేజీ మారింది, తప్పు మారలా! ఏంటికి మార్చలా? మారిస్తే ఆ పిల్ల చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టు అవుతాది. తేలు కుట్టిన దొంగ మాదిరి కూర్చుంటిరి.

అందుకే, ఈ పుస్తకం ఎంచే పని నా చేతికి వచ్చినప్పుడు ఎంత సంతోసపడితినో! సెన్బగవల్లమ్మ గుడికి పొయ్యి టెంకాయ కొడితిని సార్, ఒట్టు. తీసేయాల అని అప్పుడే నోట్ రాసి పెట్టుకుంటిని. "ఈ పుస్తకం పాతబడినది, తప్పులు ఉండాయి." తప్పులు అని రాసినాను కదా, చూపించాల కదా? మీ పుస్తకం మొత్తం నాలుగుసార్లు చదివినాను, పోలీసు ఇల్లు సోదా చేసినట్టు. ఏం దొరికింది? ఆ ఒక్క పేజీ కాకుండా ఆరు అచ్చుతప్పులు, ఒక పట్టికలో ఒక అంకె. అంతే! ఎంత ఏడుపొచ్చిందో తెలుసా? ఇంకా నాలుగు తప్పులు చేసుంటే మీ సొమ్మేం పోయేది?

సరి, వేరే మంచి పుస్తకం దొరికితే చాలు కదా అని ఇంకొక రెండు తీసుకొస్తిని. ఒకటి విదేశంది, ఇటుకరాయంత లావు. మంచి పుస్తకమే, పుల్లల పనికి పోయే కాలంలో నేను తప్పొప్పులు సరిగ్గా నేర్చుకునింది దాంట్లోనే. అయితే దాంట్లో లెక్కలన్నీ వాళ్ల ఊరి ద్రాక్షసారాయి, వాళ్ల ఊరి మంచు. మన పిల్లోళ్లు ఆ ఇంగ్లీసు దాటేలోపల సెమిస్టరు అయిపోతాది. రెండోది డిల్లీ పక్కది. మొదటి పాఠంలోనే మ్యాట్రిక్స్. తెరిచిన పిల్లోళ్లు తెరిచినట్టే మూసేస్తారు. మూడోది మీది, తమిళంలో.

పన్నెండు మంది పిల్లోళ్లని పిలిచి, ఒక్కో పుస్తకం నలుగురికి ఇస్తిని. లెక్క అందరికీ ఒకటే. కయత్తారు గాలిమరల దగ్గర గాలి ఇంత వేగంగా వీస్తే కరెంటు ఎంత వస్తాది అని. వారం గడువు. "పుస్తకం చూసి మీరే నేర్చుకోండి, నన్ను అడగొద్దండి" అంటిని. మీది ఓడిపోవాల అని మనసులో మొక్కుకుంటా.

ఏమయింది? ఇటుకరాయిలో కార్తి అనే పిల్లోడు ఒకడే చేసినాడు. డిల్లీది ఒక్కరూ చేయలా. మీది నలుగురూ చేసినారు. నలుగురూ! ఇసక్కిసెల్వి అని ఒక పిల్ల, నాగలాపురం నించి వస్తాది, వాళ్ల నాయనది మిరపచేను. ఆ పిల్ల లేచి పొయ్యి సుద్దముక్కతో గీత గీసి, మిగిలినోళ్లకి పాఠం చెప్తా ఉండాది! "ఎట్లమ్మా అర్తమయింది?" అని అడిగితిని. "మిస్, ఈయన మన పక్కన కూర్చుని చెప్పినట్టు రాసినాడు మిస్" అనింది.

క్లాసులోనించి బయటికి పొయ్యి నీళ్లు తాగి వచ్చినాను. ఆ పిల్ల చెప్పింది నిజం కదా! పాపిష్టోడు, ఇంత తేటగా ఏంటికి రాసినాడు? నేను మాత్రం మొదట రిగ్రెషన్ అంటే ఏంటని తెలుసుకునింది ఏ పుస్తకంలో? మీదే కదా?

ఆ నవ్వు ఆపండి. ఇంకా అయిపోలా.

మీ పుస్తకం ఉంటాది. రేపు బోర్డులో నేనే చెప్తాను, ఇదే ఉండాల అని. తీసేసే నోట్ చింపేసినాను. దండం పెట్టొద్దండి, చేతులు దించండి, మొత్తం వినండి ముందు. సిలబస్‌తోకూడా మోడల్ కొచ్చెన్ పేపర్ ఒకటి అచ్చేస్తారు కదా? అది రాసేదీ నేనే. ఇదిగో, చదవండి. కళ్లజోడు తేలేదా? నేనే చదువుతాను.

"ఒకటో ప్రశ్న. అందరూ తప్పకుండా రాయాల. పది మార్కులు. మీ పాఠపుస్తకం నూట అరవై రెండో పేజీలో, కిందనించి రెండో పేరాలో, రచయిత అళగర్‌సామి చేసిన తప్పు ఏంటి? ఎందుకు తప్పు? సరిచేసి చూపించుము."

ఎట్ల ఉండాది సార్?

ఈ ఒక ఏడాదికే కాదు. నేను బోర్డులో ఉండే వరకూ ప్రతి ఏడూ ఉంటాది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లోళ్లంతా మీ తప్పు కంటతా పట్టి పాసవుతారు. మీ పాఠాలు మరిచిపోతారు, ఇది మరిచిపోరు. పది మార్కులు కదా!

ఏంటీ? తీసేయమంటారా? ఇప్పుడు తీసేయమంటారా! ఉంచమని అడిగేదానికి కదా ఎండలో బస్సెక్కి వచ్చినారు? తీయను. పిల్లోళ్లకి ఆ పుస్తకం కావాల. మీకు మీ పేరు నిలవాల. రెండూ నిలబెడతా ఉండానే, ఇంకేం కావాల మీకు?

నాలుగో అచ్చులో సరిచేస్తారా? చేయండి, ఎవరు వద్దన్నారు? చేసి, ముందుమాటలో ఇట్ల రాయండి. "ఈ తప్పు చూపించింది పాప్పాత్తి కూతురు పాండీశ్వరి. ఆ పిల్ల వైవాలో నేను అబద్దం చెప్పినాను. నాకు తెలుగు వచ్చును." మూడు వాక్యాలు. రాస్తే ఆ దినమే ప్రశ్న తీసేస్తాను. కాగితం ఇవ్వనా? పెన్ను ఇదిగో.

చూస్తిరా. తల దించేస్తిరి.

ఆఁ? ఏమంటిరి? గట్టిగా చెప్పండి.

"నువ్వు ఒకసారన్నా లెక్క వేసి చూసుకోలేదా" అనా?

సార్... మీరు మంచి వాద్యారే. ఎక్కడ పొడవాలో అక్కడ పొడిచినారు.

వేసినాను.

తీసిసు బైండింగుకి ఇచ్చేదానికి నాలుగు దినాల ముందు. ఈ గదిలోనే, నేలమీద కూర్చుని. కోవిల్‌పట్టి నలబై ఇండ్ల లెక్క చేత్తో వేసినాను, ఈ పక్కనించి ఒకసారి, ఆ పక్కనించి ఒకసారి. రెండు గీతలు వచ్చె. నేనే ఎక్కడో తప్పినానని మళ్లా వేసినాను. మళ్లా రెండే. మూడోసారి వేసినాను. గ్రాఫ్ పేపరు మీద రెండు గీతలూ కత్తెర తెరిచినట్టు నిలబడె. తెలిసిపొయ్యింది సార్ నాకు. పుస్తకం తప్పు, నేను సరి అని బాగా తెలిసిపొయ్యింది.

తెలిసి, నా లెక్క చింపి పొయ్యిలో వేసి, మీది రాస్తిని.

మనోడి పేరు అచ్చులో ఉండాది కదా. అదే తప్పయితే, ఇంక మనలో ఏది సరిగ్గా ఉంటాది అని బయపడితిని. మీరు తప్పు అని చెప్పేదానికంటే నేను తప్పు రాసేదే మేలనిపించె. ఆ ఎగ్జామినర్ "ఎవరు నేర్పించినారు" అని అడిగినప్పుడు సరయిన జవాబు నా నాలుక చివర ఉండె. చెప్పుంటే ఆ ఫెలోషిప్ నాది. చెప్పకుండా మీ మొకం చూస్తిని. నేను ఈయన్ని కాపాడినాను, ఈయన నన్ను కాపాడతాడు అని.

ఇది అమ్మకి కూడా చెప్పలా. మొదటిసారి నోరు తెరిచి చెప్తా ఉండాను, అదీ మీకు!

ఏడవొద్దండి. మన్నించమని అడగొద్దండి. సరయిన లెక్క చేతిలో పెట్టుకుని చింపి పొయ్యిలో వేసిందే, ఆ పిల్లనే నేను ఇంకా మన్నించలా. మీ వంతు యాడ వస్తాది సార్?